బసవయ్య కారును మేపిన వైనం

జగ్గయ్యపేటలో బాడుగకు కారు కావాలంటే బసవయ్య ఇంటికి వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళు వీధిగుమ్మం ముందు నిలబడి కేకలు వెయ్యనక్కర్లేదు, పక్కనున్న పశువుల కొట్టంలోకి తొంగి చూస్తే చాలు. తాటాకు కప్పు కింద, ఒకప్పుడు ఎద్దుల జత నిలబడ్డ చోట, నల్లటి పాత కారు ఒకటి నిలబడి ఉండేది. ముందు దీపాలకు పసుపూ కుంకుమా, దీపాల మధ్య మువ్వల పట్టెడ. గడ్డి వెయ్యడం ఒక్కటే తక్కువ అని ఊళ్ళో నవ్వుకునేవారు. ఆ ఊళ్ళో నవ్వడానికి ఉన్నంత తీరిక మరి దేనికీ ఉండేది కాదు.

సోమవారం మాత్రం ఎవరూ వెళ్ళి లాభం లేదు. సోమవారంనాడు ఎద్దుల మెడ మీద కాడి వెయ్యకపోవడం బసవయ్య తాతలనాటి ఆచారం. ఎద్దులు పోయినా సోమవారం పోలేదు. నందిగామ కోర్టులో వాయిదా సోమవారం పడితే, ఎంత పెద్ద ఆసామి అయినా బస్సులో నిలబడి పోవలసిందే.

"వాయిదా మార్పించుకోండి. సోమవారం దాన్ని కట్టను," అనేవాడు బసవయ్య, నవ్వకుండా.

అసలు అతను బండి తోలినవాడు. పెనుగంచిప్రోలు నుంచి మిరపకాయల బస్తాలూ పత్తి బోరేలూ నందిగామకు చేరవేస్తూ నడివయసు దాకా బతికాడు. అతని బండి వస్తుంటే ఎద్దుల మువ్వలు వినిపించేవి గాని ఇరుసు కిర్రుమనేది కాదు. రెండు రాష్ట్రాలు ఒకటై గరికపాడు దగ్గర సరిహద్దు ఎత్తేసిన ఏడాది రోడ్డు మీద లారీలు బారులు తీరాయి. బసవయ్య ఒక పగలంతా తోలే సరుకును లారీవాడు బీడీ కాల్చుకునేంతలో దింపేసి వెళ్ళడం మొదలుపెట్టాడు. దేశం బాగుపడుతోందని పత్రికలు రాశాయి. ఎవరి దేశమో రాయలేదు.

బసవయ్య ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ఆ కార్తీకంలోనే కోడెల జతను పెనుగంచిప్రోలు రైతుకు అమ్మి, మద్రాసు వెళ్ళిపోతున్న ఒక పొగాకు వ్యాపారి దగ్గర పాత కారు కొన్నాడు. తోలడం ఆ వ్యాపారి డ్రైవరే నేర్పాడు. పగ్గాలు లాగకుండా బండి ఆగడం అతనికి మొదట వింతగా ఉండేది గాని, తొందరగానే చెయ్యి కుదిరింది.

కుదరనిది భార్య దుర్గాంబతోనే. ఆ కోడెలు ఆమె చేతి మీద పెరిగినవి. తల్లి ఆవు ఈ కవలలను ఈని చనిపోతే గుడ్డ తడిపి పాలు పట్టి బతికించింది. కారు కొట్టంలోకి వచ్చిన రోజు గడప దగ్గర నిలబడి చూసి, లోపలికి వెళ్ళి పొయ్యి ఊదుకుంది. ఊళ్ళో తక్కిన ఆడవాళ్ళు ఏదో ఒక వంకన ఆ కారులో చిల్లకల్లు దాకానైనా పోయి వచ్చారు. కారు యజమాని భార్య మాత్రం ఒక్కసారైనా దాని తలుపు ముట్టుకోలేదు.

"ఒక్కసారి ఎక్కి చూడవే, దుర్గా," అనేవాడు బసవయ్య.

"మంచీ చెడ్డా తెలియని దాని మీద నేనెక్కను. నడిరోడ్డున ఎండలో ఆగిపోతే చెట్టు కింద కూర్చుని నీ మొహం చూస్తా ఉండాలా?"

"ఆగదే."

"ఆగకుండా రోహిణి కార్తెలో నందిగామ పోయి రా. అప్పుడు చూద్దాం."

ఈ మాట బసవయ్య మనసులో ముల్లులా ఉండిపోయింది. కారు వల్ల ఇల్లు గడుస్తోంది, నలుగురూ పిలుస్తున్నారు, అతనికి ఇంకే కొరతా లేదు. దుర్గాంబ ఆ వెనక సీటులో కూర్చుని బజారు మీదుగా పోవడం ఒక్కటే అతను కోరుకున్నది. రోహిణి కార్తె అంటే జగ్గయ్యపేటలో మాటలు కాదు. నాపరాళ్ళ నేల పొద్దుటికే పెనంలా కాలుతుంది. మధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. ఆ ఎండలో కారు నిలవాలి.

కారును నిలబెట్టడానికి బసవయ్యకు తెలిసిన దారి ఒక్కటే, బాగా మేపడం.

ఎద్దును ఏ కాలంలో ఎలా మేపాలో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చలికాలంలో ఉలవలు ఉడకబెట్టి చిక్కగా పెట్టాలి, తెలగపిండి దండిగా వెయ్యాలి. ఎండలు ముదిరాక ఆ మేత వేడి చేస్తుంది, అప్పుడు పల్చటి కుడితి పోసి ఒంటిని చల్లబరచాలి. మనిషికైనా అంతే. చలికాలంలో దుర్గాంబ పెరుగు గరిటెతో వడ్డించేది. చైత్రం వచ్చేసరికి అదే పెరుగు నీళ్ళ మజ్జిగ అయ్యేది. కారుకూ వేడి చేస్తుంది, కళ్ళ ముందు కనబడుతూనే ఉంది, ముందు మూత తీస్తే ఆవిరి కక్కుతుంది. వేడి ఉన్న ఒళ్ళు చలవ కోరుతుంది. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? అంత నమ్మకంగా తప్పు చెయ్యాలంటే అంత అనుభవమూ ఉండాలి.

పెట్రోలు బంకులో ఇంజనాయిలు డబ్బాల మీద నంబర్లు ఉండేవి. ఇరవై నంబరుది పల్చన. ముప్పై ఒక మోస్తరు. నలభై తేనెలా సాగుతుంది. యాభై లారీలవాళ్ళు పోసుకునేది. నందిగామలో కార్ల షెడ్డు పెట్టుకున్న నాసర్ మొదటి రోజే చెప్పాడు.

"ఎండల్లో నలభై పొయ్యి, బాబాయ్. చలికి ముప్పై చాలు."

బసవయ్య తల ఊపి ఇంటికి వచ్చి, సరిగ్గా తలకిందులు చేశాడు. ఇనుము సంగతి తెలిసినవాడికి ఒంటి సంగతి ఏం తెలుసని అతని ధీమా. చలికాలం రాగానే నలభై నంబరు పోశాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున హ్యాండిలు పెట్టి తిప్పితే ఇంజను కదలనని మొరాయించేది. అతని భుజాలు పట్టేసేవి. చివరికి బుసకొడుతూ లేచేది.

"బలం పట్టింది, చూశావా," అనేవాడు చెమట తుడుచుకుంటూ.

"ఎవరికి?" అనేది దుర్గాంబ వాకిట్లో ముగ్గు పెడుతూ.

ఎండలు రాగానే చిక్కటిది తీసేసి ఇరవై నంబరు పోశాడు. మొదటి ఎండాకాలం ఎలాగో గడిచింది, పొద్దువాలాక దగ్గరి బాడుగలే ఒప్పుకున్నాడు కనుక. అయినా కారు సుఖంగా లేదు. స్టీరింగు ముందు గుండ్రటి గాజు బిళ్ళ కింద, ఇంజనులో ఆయిలు ఎంత ఒత్తిడితో తిరుగుతోందో చూపే ముల్లు ఒకటి ఉండేది. పొద్దున నిటారుగా నిలబడేది, ఊరు దాటి ఇంజను వేడెక్కేసరికి వాలిపోయేది. లోపల ఎవరో చెంచాలతో పళ్ళేలు కొడుతున్నట్టు చప్పుడు. వెనక గొట్టంలోంచి నీలం పొగ. వడదెబ్బ అనుకున్నాడు బసవయ్య. గోనెపట్టా తడిపి ముందు మూత మీద కప్పాడు. చింతచెట్టు నీడకు తోలి తలుపులన్నీ తెరిచి పెట్టాడు. దాన్ని చూస్తూ తాను కూడా కాసేపు కునుకు తీసి లేచేవాడు. లేచాక ఇద్దరికీ నెమ్మదించినట్టుండేది.

రెండో ఎండాకాలంలో గండం వచ్చింది. దుర్గాంబ చెల్లెలు భారతీదేవిది నందిగామ. ఆమె కూతురి పెళ్ళి రోహిణి కార్తెలో పడింది. పెద్దమ్మ ముందురోజే వెళ్ళాలి. బసవయ్యకు ఇంతకంటే మంచి అదను దొరకదు. పెళ్ళికి కొద్ది రోజుల ముందు, ఖాళీ కారుతో నందిగామ పోయి వచ్చి దుర్గాంబ మాట చెల్లించాలని మిట్టమధ్యాహ్నం బయల్దేరాడు.

అంబారుపేట దాటకముందే ముల్లు పూర్తిగా పడుకుంది. చెంచాల చప్పుడు కాస్తా సుత్తుల చప్పుడైంది. అతను భయపడి ఆపేశాడు. మళ్ళీ లేవదీస్తే లేవలేదు. చుట్టూ ఎండ. చివరికి పొలం నుంచి వస్తున్న ఒక రైతు జాలిపడి తన నాగలి ఎద్దులను కారు ముందు కట్టాడు. బసవయ్య లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. ఎద్దుల వెనక, మువ్వల పట్టెడతో, కారు నందిగామ బజారులోకి ఊరేగుతూ వెళ్ళింది. అప్పుడే ఎదురుగా బండి తోలుకు వస్తున్నవాడు రత్తయ్య. బసవయ్యకు ఇంటి పక్కవాడు, నోరు కట్టుకోలేనివాడు.

నాసర్ కారు కిందకు దూరి అడుగు నట్టు విప్పాడు. ఆయిలు నల్లటి నీళ్ళలా జలజలా కారిపోయింది.

"ఏం పోశావ్ బాబాయ్ ఇందులో?"

"ఇరవై. ఎండలు గదా."

"నేన్చెప్పిందేంటి?"

"చెప్పావులేరా. ఈ ఎండలో దానికి చిక్కటిది పోస్తే అరిగిద్దా? నువ్వు తాగుతావా మీగడ పెరుగు, రోహిణి కార్తెలో?"

నాసర్ కారు కిందనుంచి తల బయటకు పెట్టి అతన్ని చూశాడు. నవ్వాలో తిట్టాలో తేలక చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"పోనీ తలకి ఆముదం గూడా రాయకపోయావా. ఇంకో ఫర్లాంగు తోలుంటే లోపల బేరింగులు కరిగి ముద్దయ్యేయి. నీ అదృష్టం, ఆపేశావ్."

"పల్చటిది చలవ గదరా."

"ఎవరికి చలవ? ఇది చలిదేశంలో పుట్టిన బండి. ఆళ్ళకి ఇరవై సరిపోద్దేమో. ఇక్కడ ఎండకి అది నీళ్ళు, బాబాయ్, నీళ్ళు."

"నీళ్ళేగా కావాల్సింది," అన్నాడు బసవయ్య.

 షెడ్డులో ఆ పూట నలభై లేకపోవడంతో నాసర్ ఉన్నదేదో పోసి, మర్నాడు సాయంత్రం చల్లబడ్డాక నెమ్మదిగా పొమ్మని పంపేశాడు.

ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరింది. దుర్గాంబ అన్నం వడ్డించింది. కూర వేసింది. మారు వడ్డించేటప్పుడు అడిగింది.

"ఎద్దుల చేత లాగించుకున్నావంటగా."

బసవయ్య ముద్ద మింగాడు. "రత్తిగాడు చెప్పాడా?"

"వాడు చెప్పకపోతే నందిగామలో నోళ్ళు లేవా? ఏమయ్యా, ఎద్దులు లాగే కారెక్కేకంటే ఎద్దులు లాగే బండెక్కితే మర్యాదగా ఉంటది. రత్తయ్యని మాట్లాడా. పెళ్ళికి వాడి బండి మీదే పోతా."

"మరి నేనో?"

"నువ్వు తోలుకురా నీ దాన్ని. దార్లో ఆగిపోతే మా బండి వెనక కట్టుకుందువుగాని."

ఆమె మాటలో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ కష్టమనిపించింది. కోపమైతే కొన్నాళ్ళకు పోతుంది. ఇది తీర్పు.

ప్రయాణం ముందురోజు పొద్దున రత్తయ్య బండిని వాకిట్లోకి తెచ్చి చక్రాలు ఊడదీశాడు. ఇరుసుకు కందెన పట్టించాలి. కందెన కలపడంలో బసవయ్య చేతిని మించిన చెయ్యి చుట్టుపక్కల లేదు. కారు కొన్నాక కూడా బండ్లవాళ్ళు అతని దగ్గరికే వచ్చేవాళ్ళు.

"మావా, నీ చేత్తో కాస్త కలిపిపెట్టు. అత్త ఎక్కే బండి," అన్నాడు రత్తయ్య, సిగ్గు లేకుండా.

బసవయ్య కాదనలేదు. పెళ్ళాం తన కారు ఎక్కకపోయినా ఎక్కిన బండి కిర్రుమనకూడదు. మట్టిమూకుడులో ఆముదం పోశాడు. వరిగడ్డి కాల్చిన మసి గుప్పెళ్ళతో వేస్తూ వేళ్ళతో మెదపసాగాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీసుకుని సాగదీసి చూశాడు. చాలలేదు. ఇంకో గుప్పెడు మసి. మళ్ళీ చూశాడు. ఇంకొంచెం.

"చాల్లే మావా, ముద్దయిపోతంది."

"ఎండాకాలం గదరా. చలికాలమంత జారుగా కలిపితే అంబారుపేట పొయ్యేసరికి కారిపోయి ఇరుసు..."

మాట అక్కడ ఆగింది. చెయ్యి మూకుడులో ఉండిపోయింది.

"ఏంటి మావా?"

బసవయ్య కొట్టం వైపు చూశాడు. కారు తన చోట తాను నిలబడి ఉంది, పసుపు బొట్లతో, ఎంతో బుద్ధిగా.

"రత్తయ్యా, ఇరుసుకు కందెన ఎందుకు పెడతాం?"

"అదేం ప్రశ్న. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా."

"ఎండల్లో గట్టిగా ఎందుకు కలుపుతాం?"

"పల్చనైతే ఎండకి ఇంకా పల్చనై కారిపోద్ది. నువ్వేగా మాకు నేర్పింది. ఏం, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉంది," అన్నాడు బసవయ్య. "కారుకే బాగలేదు. రెండేళ్ళుగా దానికి కుడితి పెడతన్నా."

రత్తయ్యకు ఏమీ అర్థం కాలేదు. బసవయ్యకు మాత్రం అంతా ఒక్కసారిగా అర్థమైంది. తాను ఇన్నాళ్ళూ ఎద్దును కొన్నాననుకున్నాడు. కొన్నది బండిని. లోపల తిరిగేవన్నీ ఇరుసులే. ఇరుసుకు ఆకలి లేదు, దాహం లేదు, వేడి చెయ్యడమూ చలవ చెయ్యడమూ లేవు. ఇనుము మీద పొరలా నిలిచి ఉండే జిడ్డు కావాలి. ఎండకు పల్చబడినా ఇంకా నిలవాలి, చలికి గడ్డకట్టి కదలకుండా కూర్చోకూడదు. జీవితమంతా చేతికి తెలిసిన సంగతి బుర్రకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. చాలామందికి అది అసలే తెలియకుండా జీవితం గడిచిపోతుంది, ఆ లెక్కన ఇది తొందరే.

అతను తొందరపడలేదు. చెయ్యి కడుక్కుని బంకుకు వెళ్ళి అన్ని నంబర్లలోనూ కాస్త కాస్త ఆయిలు అడిగి తెచ్చాడు. వేరువేరు కొబ్బరిచిప్పల్లో పోసి, మధ్యాహ్నం ఎండలో వాకిట్లో నాపరాయి మీద పెట్టాడు. దుర్గాంబ వడియాలు ఎండబెట్టిన చాప పక్కనే.

"అవేంటి? పచ్చళ్ళా?"

"కారుకి కందెన."

రాయి బాగా కాలాక ఒక్కొక్క చిప్పలో వేలు ముంచి, కందెన చూసినట్టే వేళ్ళ మధ్య రాసి చూశాడు. ఇరవై నంబరు నీళ్ళలా జారిపోయి వేలికి వేలు తగిలింది. ముప్పై కాసేపు నిలిచి జారింది. నలభై నిలిచింది, వేళ్ళ మధ్య సన్నటి పొరలా, మెత్తగా. యాభై అంతకంటే మందంగా ఉంది, కాని అది లారీల బరువుకు కలిపిన కందెన, తన బండికి అంత అక్కర్లేదనిపించింది. మర్నాడు తెల్లవారుజామున, చల్లటి వేళ, మళ్ళీ చిప్పలు వంచి చూశాడు. నలభై ఏ ఇబ్బందీ లేకుండా కదిలింది. ఆ పొద్దునే పాతది దింపి నలభై పోశాడు.

ఆ తర్వాత అతను తోలినన్నాళ్ళూ, అంటే కారు వయసు ఊళ్ళో పెళ్ళికొడుకుల వయసును దాటిపోయేదాకా, ఆ పద్ధతి మారలేదు. శివరాత్రి వెళ్ళాక నలభై, ధనుర్మాసం ముందు ముప్పై. చిప్పలో పోసి వేళ్ళతో చూడకుండా కొత్త డబ్బా ఏదీ వాడలేదు. తెల్లవారుజామున హ్యాండిలుతో కుస్తీ పట్టే పని కూడా పోయింది. సోమవారం సెలవు మాత్రం ఉంచాడు. అడిగితే, బండికి కాదు, బండివాడికి అనేవాడు.

నలభై పోసిన ఆ ప్రయాణం రోజున రత్తయ్య పొద్దువాలాక బండి కడతానన్నాడు. ఎద్దులకు ఎండ. బసవయ్య మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని కొట్టంలోకి నడిచాడు.

"ఇంత ఎండలో ఎక్కడికి?" అంది దుర్గాంబ.

"నందిగామ. నువ్వు బండెక్కే లోపల వచ్చేస్తా."

"ఆగిపోతే?"

"ఆగిపోతే రత్తయ్య బండిలో నాక్కూడా చోటుంచు."

రోడ్డు మీద ఎండమావులు నీళ్ళలా మెరుస్తున్నాయి. చిల్లకల్లు దాటాడు. కళ్ళు రోడ్డు మీద కంటే ముల్లు మీదే ఎక్కువ ఉన్నాయి. వాలింది, కొంచెం. అక్కడ ఆగింది. అంబారుపేట దగ్గర, మునుపు ఆగిపోయిన చోటును అతను దూరం నుంచే గుర్తుపట్టాడు. కారు మాత్రం ఏమీ గుర్తులేనట్టు ఆ చోటు దాటింది. చెంచాల చప్పుడు లేదు. ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తన బండి రోజుల్లోలా మువ్వలే వినిపించాయి.

పెళ్ళివారింట్లో గాడిపొయ్యి మీద బూరెలు వేగుతున్నాయి. భారతీదేవి పిండి చేతులతోనే బయటకు వచ్చింది.

"అక్కేది బావా?"

"తెస్తా. నాలుగు బూరెలు కట్టియ్యి ముందు. మూకుట్లోంచి తీసినవి తీసినట్టు."

"దారిలో తినడానికా?"

"సాక్ష్యానికి."

జగ్గయ్యపేట వచ్చేసరికి రత్తయ్య ఇంకా ఎద్దులను కుడితి తొట్టి దగ్గరే నిలబెట్టి ఉన్నాడు. బసవయ్య కారు దిగి, విస్తరాకు పొట్లం దుర్గాంబ చేతిలో పెట్టాడు. ఆమె విప్పింది. బూరెను తుంచింది. లోపలి పూర్ణం ఇంకా వేలు కాలేంత వేడిగా ఉంది. ఆమె ఆ ముక్కను ఊదుకుని నోట్లో వేసుకుంది. కొట్టంవైపు చూసింది, కారువైపు చూసింది, మొగుడి మొహం చూసింది. 

"ఏలక్కాయలు తక్కువేసింది," అంది చివరికి. "నేను పోకపోతే పెళ్ళి వంట పాడుచేస్తది. రత్తయ్యా, ఆ పెట్టె తీసి కార్లో పెట్టు."

"అత్తా, బండి కట్టమన్నావుగా."

"కట్టుకో. సామాన్లేసుకుని వెనక రా నువ్వు. ఆగిపోతే ఉంటావుగా."

ఆమె వెనక సీటులో ఓ మూలకు ఒదిగి కూర్చుంది, రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని. బజారు దాటేదాకా తల ఎత్తలేదు. ఎవరెవరు చూస్తున్నారో బసవయ్యే చూసుకున్నాడు. పెద్ద రోడ్డు ఎక్కాక గాలి లోపలికి కొట్టింది. వేడిగాలే. అయినా ఆమె ఒక చెయ్యి వదిలింది, కొంతసేపటికి రెండోదీ వదిలింది. చిల్లకల్లు వెనక పడ్డాక మూలనుంచి మధ్యకు జరిగి, కొంగు భుజం మీద సర్దుకుని, రెండువైపులా పొలాలు చూస్తూ కూర్చుంది.

"ఇది మన సుబ్బమ్మత్త వాళ్ళ ఊరుకదా?"

"దాటి చాలాసేపైంది."

"కాస్త నెమ్మదిగా పోనియ్యరాదూ."

అతను నెమ్మదించాడు. ముల్లు కదలకుండా నిలబడి ఉంది. వెనక చూసే అద్దంలో దుర్గాంబ మొహం కనిపిస్తోంది. ఆ మొహం అలా తీరికగా ఉండగా అతను చూసి చాలా ఏళ్ళైంది. 

నందిగామలో మలుపు తిరగ్గానే పెళ్ళిపందిరి కనిపించింది. భారతీదేవి, ఆమె వెనక నలుగురైదుగురు ఆడవాళ్ళు, అప్పుడే వీధిలోకి వచ్చి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. బసవయ్య బ్రేకు మీద కాలు పెట్టాడు.

"అప్పుడే వచ్చేశామా?" అంది దుర్గాంబ.

"వచ్చేశాం."

"ఆపమాకు."

"ఏం?"

"ఇట్టా ఎక్కి అట్టా దిగడానికా నన్ను ఎక్కమంది? ఊరవతల మునేరు వంతెన దాకా పోనియ్యి. పోయి వచ్చి దిగుదాం."

బసవయ్య బ్రేకు మీద కాలు తీశాడు. చెల్లెలు చెయ్యెత్తి పిలుస్తుండగా, దుర్గాంబ ఆమె వైపు మర్యాదగా తల ఊపింది. కారు పందిరి ముందునుంచి ఆగకుండా సాగిపోయింది.